ఘాట్ రోడ్డు దిగినా విడవని చెవి: ఒక ఈబీవీ (ఎపిస్టీన్ బార్ వైరస్) క్యాన్సర్ కేసు

నేను తిరుపతిలో చెవి ముక్కు గొంతు డాక్టర్ని, ప్రాక్టీసు మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ కేసు రాయమని మా జూనియర్లు ఎప్పట్నుంచో అడుగుతానే ఉన్నారు, నేనే వాయిదా వేస్తా వచ్చాను, ఎందుకంటే ఇందులో మొదటి తప్పు నాదే. పేషెంటు ఒప్పుకున్నాకే రాస్తున్నా. వయసు, ఊరు, ఇంట్లోవాళ్ళ సంగతులు కొన్ని మార్చాను. డ్రైవర్ అన్నది మాత్రం మార్చలేదు, అది తీసేస్తే ఈ కేసులో చెప్పేదే ఉండదు, పైగా తిరుపతిలో కొండకి బండ్లు తోలేవాళ్ళలో ఫలానా మనిషని కనుక్కోవడం ఎవరి తరమూ కాదు.

మనిషికి నలభై లోపు వయసు. చిత్తూరు పక్క పల్లె, తిరుపతిలో కాపురం. సిగరెట్ లేదు, పాన్ పరాగ్ లాంటివి లేవు, ఎప్పుడన్నా మందు. షుగర్ లేదు. రోజూ కొండకి మూడు నాలుగు ట్రిప్పులు.

మొదటిసారి వచ్చినప్పుడు చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. "ఎడమ చెవి విడవడంలే సార్. కొండెక్కేటప్పుడు రెండూ మూసుకుంటాయి, అది మాకు మామూలే, కిందికొచ్చి గుటక మింగితే కుడిది టప్పని విడుస్తాది, ఎడమది మాత్రం రెణ్ణెల్లుగా అట్లే దిమ్మెక్కి ఉండాది" అన్నాడు. చెవిలో చూస్తే ఎడమ కర్ణభేరి వెనక నీరు పట్టి ఉంది. కుడిది శుభ్రంగా ఉంది.

నేనేమనుకున్నానంటే, తిరుమల ఎత్తు సుమారు 2,800 అడుగులు, ఇంత ఎత్తుకి రోజుకి మూడుసార్లు ఎక్కి దిగేవాడికి, దానికి తోడు అప్పుడు జలుబు కూడా ఉంది, చెవికీ ముక్కు వెనక భాగానికీ మధ్య ఉండే యూస్టేషియన్ ట్యూబు వాచి గాలి ఆడక నీరు పట్టింది, అంతే. వినడానికి బాగానే ఉంది. కానీ ఘాట్ రోడ్డు రెండు చెవులకీ ఒకటే కదా, మరి ఒక్క ఎడమదానికే ఎందుకు? ఆ మనిషి స్వయంగా ఆ తేడా చెప్పాడు, నేను కేస్ షీట్ మీద "ఎడమ మాత్రమే" అని నా చేత్తోనే రాసుకున్నా, రాసి మరీ దాటేశాను. పెద్దవాళ్ళలో కారణం లేకుండా ఒక్క చెవిలో నీరు పడితే ముక్కు వెనక గొంతు పైభాగం, అంటే నేసోఫారింక్స్, చూడకుండా పంపించకూడదని పీజీ పిల్లలకి నేనే వందసార్లు చెప్పుంటా. ఆ వారం ముక్కులోంచి లోపలికి చూసే స్కోపు లైటు రిపేరుకి పోయి ఉంది. అద్దంతో చూడొచ్చు, లేదా వారం ఆగి పిలిపించొచ్చు. రెండూ చేయలేదు. ముక్కులో చుక్కలు, అలర్జీ మాత్రలు రాసి రెండు వారాలకి రమ్మన్నా. కొంచెం తేలిగ్గా ఉందని ఫోన్ చేశాడట, మళ్ళీ రాలేదు, మేమూ పిలవలేదు.

మూడు నెలలు గడిచాక ఎడమ దవడ కింద, కొంచెం వెనక్కి, గడ్డ కనిపించింది. నొప్పి లేదు. ఇంట్లో పెద్దావిడ గండమాల అనింది, పసరు పట్టించారు. తగ్గకపోతే వేరే చోట చూపించుకున్నాడు, అక్కడ సూది పెట్టి తీసే పరీక్ష, ఎఫ్ఎన్ఏసీ చేశారు. రిపోర్టులో లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు), అక్కడక్కడా గ్రాన్యులోమా లాంటి కణాల గుంపులు ఉన్నాయి, టీబీ కావచ్చు అని రాశారు. టీబీ మందులు మొదలయ్యాయి. మన దేశంలో మెడ గడ్డకి మొదట టీబీ అనుకోవడంలో వింతేం లేదు, అదే ఎక్కువ. ఆ డాక్టర్ని నేను తప్పు పట్టను. టీబీ క్రిమి జీన్లని నేరుగా వెతికే సీబీనాట్ పరీక్షకి శాంపిల్ పంపలేదన్నది ఒక్కటే లోటు.

రెండు నెలల మందుల తర్వాత గడ్డ చిన్నది కాలేదు, పెద్దదైంది. ఇక్కడ కూడా ఆలోచన తప్పుదారి పట్టడానికి ఒక సాకు దొరికింది. టీబీ గడ్డలు మందులు సరిగ్గా పనిచేస్తున్నా మొదట్లో కొంచెం పెరగొచ్చు, అది నిజమే, అందుకని ఇంకో నెల చూద్దామన్నారు. ఈలోగా పొద్దున్నే ఉమ్మితే రక్తం చారలు. ఊపిరితిత్తుల టీబీ కూడా ఉందేమోనని ఎక్స్‌రే తీశారు, అది క్లియర్. ఆ రక్తం ఊపిరితిత్తుల నుంచి వచ్చేది కాదు, రాత్రంతా ముక్కు వెనక నుంచి గొంతులోకి కారి పొద్దున ఉమ్మిలో పడేది. ఒక్క జబ్బు అన్న బొమ్మ మనసులో గట్టిగా పడిపోతే, దానికి విరుద్ధంగా ఉన్న గుర్తులు కూడా దానికే సాక్ష్యాలుగా కనిపిస్తాయి. ఇంట్లో మనిషికి తట్ట, గ్లాసు వేరు చేశారు.

టీబీ మందుల నాలుగో నెలలో మళ్ళీ నా దగ్గరికి వచ్చాడు, గడ్డ గురించి కాదు, చెవి గురించే. "గడ్డకి మందులు తింటా ఉండా సార్, చెవి చూడు" అన్నాడు. పాత షీట్ తెరిస్తే నా రాతే నన్ను చూసింది. ఎడమ చెవిలో నీరు, ఎడమ మెడలో గడ్డ, పొద్దున రక్తం. మూడూ ఒకే గదిలో నుంచి వస్తున్నాయని అప్పుడు తట్టింది. ఆరోజే స్కోపు పెట్టాను. ఎడమవైపు యూస్టేషియన్ ట్యూబు నోటికి వెనక రోజెన్‌ముల్లర్ గుంట అని ఉంటుంది, కుడివైపు అది లోతుగా నీడగా కనపడింది, ఎడమవైపు గుంటే లేదు, పూడుకుపోయి ఉంది. పైన పొర నున్నగానే ఉంది, పుండు లేదు, ఒకచోట మాత్రం తాకితే రక్తం.

ఇక్కడ ఒక నిర్ణయం గురించి కాస్త చెప్పాలి. మెడ గడ్డని కోసి తీసి బయాప్సీకి పంపడం తేలిక, బంధువులు కూడా "గడ్డ తీసేయండి సార్" అంటానే ఉంటారు. కానీ క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు అసలు చోటు వెతక్కుండా మెడ కోస్తే పొరలు చెదిరిపోతాయి, తర్వాత ట్రీట్మెంట్‌కి ఇబ్బంది. అందుకని మెడ ముట్టుకోలేదు. ముక్కు గుండా మత్తు స్ప్రే కొట్టి చిన్న ముక్క తీశాను. రిపోర్టు: మామూలు లింఫాయిడ్ కణజాలం, క్యాన్సర్ లేదు.

ఇంట్లోవాళ్ళు కొబ్బరికాయ కొట్టారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. నా కంటిని నమ్మాలా, కాగితాన్ని నమ్మాలా? పాథాలజిస్టుకి ఫోన్ చేసి నేను చూసింది చెప్పాను, ఆయన "ముక్క పైపైన ఉంది, సగం నలిగిపోయింది, దీన్నిబట్టి లేదని నేను ప్రమాణం చేయను" అన్నాడు. ఈ మాట రిపోర్టులో రాయరు, ఫోన్ చేస్తేనే తెలుస్తుంది. ఎంఆర్ఐ తీయిస్తే పొర కింద గడ్డ పక్కనున్న పారాఫారింజియల్ కొవ్వులోకి పాకి ఉంది. అప్పుడు పూర్తి మత్తు ఇచ్చి లోతుగా మూడు ముక్కలు తీశాం. ఈసారి దొరికింది. పెద్ద పెద్ద లేత న్యూక్లియస్‌లు, అంచులు తెలియని కణాలు, చుట్టూ తేనెటీగల్లా లింఫోసైట్లు. చూడగానే లింఫోమా, అంటే లింఫోసైట్ల క్యాన్సర్, అనిపిస్తుందట. కెరాటిన్ స్టెయిన్ పాజిటివ్ కావడంతో కార్సినోమా, అంటే పొర కణాల్లో పుట్టే క్యాన్సర్, అని తేలింది, ఎపిస్టీన్ బార్ వైరస్ ఆర్‌ఎన్‌ఏని వెతికే ఎబర్ పరీక్ష బయటి ల్యాబుకి పంపితే అదీ పాజిటివ్. నాన్ కెరాటినైజింగ్ నేసోఫారింజియల్ కార్సినోమా. ఈశాన్య రాష్ట్రాల్లో, ముఖ్యంగా నాగాలాండ్‌లో, దక్షిణ చైనాలో ఎక్కువగా చూసే జబ్బు, మన వైపు అరుదు. పాత సూది పరీక్ష స్లైడు తెప్పించి చూస్తే లింఫోసైట్ల మధ్య ఆ పెద్ద న్యూక్లియస్‌లు నాలుగైదు అప్పుడే ఉన్నాయి. ఈ క్యాన్సర్ చేరిన గడ్డల్లో గ్రాన్యులోమాలు కూడా ఏర్పడొచ్చు, అందుకే మొదటి రిపోర్టు పూర్తిగా అబద్ధం కూడా కాదు.

టీబీ మందులు వెంటనే ఆపేయలేదు. రెండు జబ్బులూ కలిసి ఉండొచ్చు, కీమో పడ్డాక దాగున్న టీబీ లేస్తే ఇంకా ప్రమాదం. గడ్డ నుంచి మళ్ళీ సూదితో తీసి సగం సీబీనాట్‌కి, కల్చర్‌కి, సగం పాథాలజీకి ఇచ్చాం. సీబీనాట్ నెగటివ్, స్లైడులో అవే క్యాన్సర్ కణాలు. అప్పుడు ఛాతీ డాక్టరుతో మాట్లాడి ఆపాం. ఆరు వారాలకి కల్చర్ కూడా నెగటివే వచ్చింది.

ఇంక వైరస్ సంగతి. ఇక్కడ నేను రెండో తప్పు చేశాను, తొందర్లో "ఇది వైరస్ వల్ల వచ్చే క్యాన్సర్" అనేశా. కోవిడ్ చూసిన జనానికి ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించలేదు. టీబీ కాదని తెలిసి కలిపేసిన తట్ట, గ్లాసు ఆ సాయంత్రమే మళ్ళీ వేరు చేశారంట. పిల్లల్ని అమ్మమ్మ ఇంటికి పంపేశారు. భార్య వచ్చి "నేను ఎండుచేపలు నిండా వండేదాన్ని సార్, నెట్‌లో చేపలని ఉండాది, నావల్లనే వచ్చిందా" అని ఏడ్చింది. చైనా పద్ధతిలో ఊరేసే ఉప్పుచేపకి ఈ జబ్బుతో సంబంధం ఉందన్నది నిజం, కానీ అది చిన్నతనం నుంచి తినే వేరే పదార్థం, మనింట్లో ఎప్పుడో వండే ఎండుచేపకి దాన్ని అంటగట్టకూడదని కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది.

ఆమెకి చెప్పిందే ఇక్కడా రాస్తా. ఈ వైరస్‌ని 1964లో ఎపిస్టీన్, ఆచాంగ్, బార్ అనే ముగ్గురు ఆఫ్రికా పిల్లల్లో వచ్చే బర్కిట్ లింఫోమా గడ్డలో కనిపెట్టారు. మనిషి క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్‌లలో మొదట దొరికింది ఇదే. ఉమ్మితో అంటుతుంది, పెద్దయ్యేసరికి ప్రపంచంలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో ఉంటుంది. నాలో ఉండే ఉంటుంది, ఆమెలో ఉంటుంది, పిల్లలకి కూడా ఏదో ఒక మామూలు జ్వరంలా వచ్చిపోయి ఉంటుంది. తట్ట వేరు చేసి లాభం లేదు. అందరిలో ఉన్నా ఈ క్యాన్సర్ లక్షల్లో ఏ ఒక్కరికో వస్తుంది, ఎందుకంటే వైరస్ ఒక్కటే చాలదు, ముక్కు వెనక పొరలో కణాల జీన్లు ముందే కొంత దెబ్బతిని ఉండాలి, పుట్టుకతో వచ్చిన తత్వం కూడా కలిసిరావాలి.

పేషెంటు అడిగిన ప్రశ్న మాత్రం ఇంకా మంచిది. వైరస్ ఏం చేస్తుందో చెప్పినప్పుడు విని, కాసేపాగి, "వైరస్ వస్తే కణం సచ్చిపోవాల గదా సార్, మరి గడ్డెట్ట పెరిగింది?" అన్నాడు. ఎంబీబీఎస్‌లో మేం ఎవరమూ అడగని ప్రశ్న.

మామూలుగా జరిగేది ఆయన అన్నదే. వైరస్ సోకిన కణం తనని తాను చంపుకుంటుంది, దాన్ని అపోప్టోసిస్ అంటారు. పొరుగిళ్ళకి అంటకుండా తన ఇంటికి తనే నిప్పు పెట్టుకోవడం లాంటిది. కణం చస్తే వైరస్‌కి కాపురం పోతుంది. వేలల్లో పిల్లల్ని పెట్టి కణాన్ని పగలగొట్టుకుని పోయే వైరస్‌లకి ఆ బాధ లేదు. ఈబీవీ అలాంటిది కాదు, జీవితాంతం లోపల దాక్కుని ఉండాలి, అందుకని చావు మీటలన్నీ వెతికి వెతికి కట్టేస్తుంది. ఎల్ఎంపీ1 అనే ప్రొటీన్ కణం పొర మీద కూర్చుని, "బతుకు, పెరుగు" అనే సంకేతం ఎవరూ పంపకపోయినా వచ్చినట్టు నటిస్తుంది, స్విచ్ ఆన్‌లో ఇరుక్కుపోయినట్టు. సోకిన కొత్తల్లో బీహెచ్ఆర్ఎఫ్1 అని ఇంకోటి మన కణాల్లోనే ఉండే బీసీఎల్2 అనే చావు నిరోధకాన్ని అచ్చు కాపీ కొడుతుంది. దీని చిట్టి ఆర్‌ఎన్‌ఏలు కొన్ని ప్యూమా అనే చావు ప్రొటీన్‌ని తయారు కానివ్వవు. వైరస్‌కి క్యాన్సర్ అక్కర్లేదు, క్యాన్సర్ వల్ల దానికి ఒరిగేదేమీ లేదు, అది కోరుకుంది తన ఇల్లు కూలకుండా ఉండటమే. కానీ జీన్లు చెడిన కణం చావాల్సిన టైములో చావకపోతే, ఆ చెడిపోయిన జీన్లతోనే రెండవుతుంది, నాలుగవుతుంది.

అన్ని వైరస్‌లూ ఒకే దారి కాదు. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ, ఈ6 అనే ప్రొటీన్‌తో పీ53 అనే కాపలాదారుని చంపేయిస్తుంది, ఈ7 తో ఆర్బీ అనే బ్రేకు తీసేస్తుంది. హెపటైటిస్ బీ దగ్గర కథ దాదాపు తిరగబడుతుంది, అక్కడ లివర్ కణాల్ని ఎక్కువగా చంపేది వైరస్ కాదు మన రోగనిరోధక శక్తే, చచ్చిన చోట కొత్తవి, మళ్ళీ చావు, మళ్ళీ కొత్తవి, ఏళ్ళ తరబడి ఈ రిపేరు పనిలో తప్పులు పోగవుతాయి. ఒకచోట చావు ఆగిపోవడం, ఇంకోచోట చావు ఎక్కువైపోవడం, రెండూ చివరికి క్యాన్సర్‌కే తేలతాయి. ఆ రెండింటికీ టీకాలు ఉన్నాయి, పిల్లలకి వేయించండి. ఈబీవీకి ఇంకా లేదు.

వైరస్ అన్నాక వైరస్ మందు ఇవ్వొచ్చు కదా అని బావమరిది అడిగాడు, చెన్నైలో ఉంటాడు, చదువుకున్నవాడు. నేను వద్దన్నా ఎవరో ఎసైక్లోవిర్ రాసిస్తే పది రోజులు మింగించారు. గడ్డలో మార్పు లేదు, ఉండదు కూడా. ఆ మందు పనిచేయాలంటే వైరస్ తన సొంత మిషనరీతో పిల్లల్ని పెడుతూ ఉండాలి. గడ్డలో వైరస్ నిద్రలో ఉంది, కణం రెండైనప్పుడు కణం మిషన్‌తోనే అదీ కాపీ అయిపోతుంది. పది రోజులు పోయాయి, అంతే.

వేలూరికా మద్రాసుకా అని ఒక వారం ఇంట్లో పంచాయితీ. చివరికి తిరుపతిలోనే మొదలైంది, ఏడు వారాలు రోజూ పోయి రావాలంటే ఇంటి తిండి దగ్గరుండాలి అన్న నా మాట కొంత పనిచేసింది. పెట్ స్కాన్‌లో ఇంకెక్కడా లేదు, గడ్డ ఒక్కవైపే, ఆరు సెంటీమీటర్ల లోపు, రెండో స్టేజి. మొత్తం 70 గ్రే రేడియేషన్ 33 సిట్టింగుల్లో, వారానికోసారి కీమో మందు సిస్‌ప్లాటిన్. సర్జరీ ఎందుకు లేదని అందరూ అడిగారు. ఆ చోటు పుర్రె అడుగున ఉంది, కత్తికి అందదు, ఈ క్యాన్సర్ రేడియేషన్‌కి బాగా లొంగుతుంది, అందుకని.

అప్పుడు ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. "వైరస్సే సావనీకుండా కాపాడతా ఉంటే కరెంటు పెడితే ఎట్ట సస్తాది సార్?" వైరస్ చావు మీటల్ని కట్టేసిందే గానీ పీకేయలేదప్పా అన్నాను. ఈ క్యాన్సర్లో పీ53 సాధారణంగా చెడిపోయి ఉండదు, నోరు నొక్కేసి ఉంటుంది, అంతే. రేడియేషన్ డీఎన్‌ఏని ఒకేసారి ఎన్నో చోట్ల తెంపుతుంది, ఆ దెబ్బకి కట్లు తట్టుకోలేవు, అప్పటికీ చావని కణం రెండు కాబోయి తెగిన డీఎన్‌ఏతో మధ్యలోనే చస్తుంది.

మొదలుపెట్టే ముందు నా పని రెండు. పుచ్చిపోయిన పళ్ళు రెండు తీయించి రెండు వారాలు మానేదాకా ఆగాం, రేడియేషన్ తర్వాత పీకితే దవడ ఎముక కుళ్ళే ప్రమాదం ఉంది. రెండోది చెవి. నీరు తీసి గ్రొమెట్, అంటే కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టం, పెట్టమని ఆయనే అడిగాడు, అసలు వచ్చిందే దానికోసం కదా. కానీ ఈ క్యాన్సర్లో రేడియేషన్ టైములో చెవికి రంధ్రం చేస్తే చీము కారడం ఆగదు. పెట్టలేదు. సిస్‌ప్లాటిన్ వినికిడి నరాన్ని కూడా దెబ్బతీయగలదు కాబట్టి ముందే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీసి పెట్టుకున్నాం, డ్రైవర్‌కి హారన్ వినపడకపోతే బతుకెట్టా.

రెండో వారం మొదట్లో పెద్ద గొడవ. బావమరిది ఎవరికీ చెప్పకుండా రక్తంలో ఈబీవీ డీఎన్‌ఏ పరీక్ష చేయించాడు, మొదలుపెట్టే ముందు ఉన్న నెంబరుకి దాదాపు రెట్టింపు వచ్చింది. "మందు పనిచేయడంలేదు సార్, ఆపేసి మద్రాసు తీసుకుపోతాం" అని రాత్రి పదకొండింటికి ఫోన్. ఆ నెంబరు ఏంటో తెలిస్తే భయం ఉండదు. ప్లాస్మాలో తిరిగే ఆ డీఎన్‌ఏ బతికున్న వైరస్ కాదు, చచ్చిన క్యాన్సర్ కణాలు పగిలి రాల్చిన తునకలు. రేడియేషన్ మొదటి వారంలో కణాలు మూకుమ్మడిగా చస్తే ఆ తునకలు కొన్నాళ్ళు పెరుగుతాయి, తర్వాత పడిపోతాయి. ఈ పరీక్ష ఆ టైములో చేయకూడదని ముందే చెప్పకపోవడం మా తప్పు. ఆంకాలజిస్టు కూడా అర్ధరాత్రి లేచి మాట్లాడాడు కాబట్టి ఆపలేదు.

మూడో వారం నుంచి నోరంతా పుండ్లు. సంగటి దిగలేదు, రాగి జావని మజ్జిగలో పల్చగా కలిపితే అదీ మంట. తొమ్మిది కిలోలు తగ్గాడు. తిండికి ముక్కులో ట్యూబు వద్దని వారం మొండికేశాడు, ఐదో వారంలో ఒప్పుకున్నాడు, ఆ వారం ముందే గట్టిగా చెప్పాల్సింది. 33 సిట్టింగుల్లో ఒక్కటి కూడా తప్పలేదు. అన్నిటికన్నా పనిచేసింది ఇదేనేమో అనిపిస్తుంది నాకు, మధ్యలో రోజులు పోతే మిగిలిన కణాలు మళ్ళీ పుంజుకుంటాయి.

మూడు నెలలకి స్కోపులో గుంట మళ్ళీ తెరుచుకుంది, ఎంఆర్ఐ శుభ్రం, రక్తంలో ఈబీవీ డీఎన్‌ఏ కనపడనంత తక్కువ. ఆ సంతోషంలో ఇంటిల్లిపాదికీ అదే రక్త పరీక్ష చేయించాలా అని అడిగారు. హాంకాంగ్ లో 20 వేల పైచిలుకు మగవాళ్ళకి ఈ పరీక్ష చేసి జబ్బుని తొలి దశలోనే పట్టుకున్నారు, 2017లో ఆ ఫలితాలు వచ్చాయి, కానీ అది ఆ జబ్బు ఎక్కువున్న చోట. మన వైపు అందరికీ చేస్తే అనవసరంగా భయపడేవాళ్ళే ఎక్కువ. వద్దన్నాను.

ఇప్పుడు రెండున్నరేళ్ళు. జబ్బు తిరిగి రాలేదు. నోట్లో ఉమ్మి సరిగా ఊరదు, నీళ్ళ బాటిల్ లేకుండా బయటికి రాడు. రెండో ఏడాది టీఎస్‌హెచ్ అనే హార్మోన్ పెరిగింది, రేడియేషన్ మెడ మీద పడితే థైరాయిడ్ మందగించడం మామూలే, మాత్ర మొదలుపెట్టాం. మా క్లినిక్‌లో ఇప్పుడు ఒక్క చెవిలో నీరుతో వచ్చిన పెద్దవాళ్ళని స్కోపు పెట్టకుండా పంపడం లేదు, లైటు పాడైతే అద్దం, అదీ కుదరకపోతే ఫోన్ నెంబరు రాసుకుని మా రిసెప్షన్ అమ్మాయి తనే పిలుస్తుంది. ఇంతవరకు ఇంకో క్యాన్సర్ దొరకలేదు, ఒకాయనకి చిన్న తిత్తి దొరికింది.

పోయిన నెల వచ్చినప్పుడు చెవి ఎట్లుందప్పా అని అడిగా. ఆడియోగ్రామ్‌లో ఎడమవైపు పై శబ్దాలు కొంచెం తగ్గాయి, నీరు కొద్దిగా ఇంకా ఉంది. "కొండ దిగినాక అలిపిరి దగ్గర కుడిది విడుస్తాది సార్, ఎడమది ఇంటికి పోయి అన్నం తినేటప్పుడు విడుస్తాది" అన్నాడు. అది షీట్ మీద రాసుకుని, మూడు నెలలకి రమ్మని చెప్పాను.